మన జెండాను తయారుచేసింది పింగళి ఒక్కరేనా?

చిక్కడపల్లి పాఠకుడు:
సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద ఎగిరే జెండా ఎవరిదని అడిగితే హైదరాబాద్‌లో అందరూ పింగళి వెంకయ్య పేరే చెబుతారు. ఇప్పుడున్న జెండా గీసింది చిత్రకారిణి సురయ్యా త్యాబ్జీ అని ఈమధ్య కొందరు వాదిస్తున్నారు. ఏది నిజం?

బందరు బిడ్డ:
వెంకయ్యగారు 1916లోనే జెండా నమూనాలతో పుస్తకం వేశారు. నాలుగేళ్లుగా ప్రతి కాంగ్రెస్ సభలోనూ ఆయన ఇదే పట్టుదలతో ఉన్నారని 1921లో గాంధీజీ తన పత్రిక ‘యంగ్ ఇండియా’లో రాశారు. బెజవాడలో గాంధీజీ అడిగిన మూడు గంటల్లో గీసిచ్చారు. 1963లో పేదరికంలోనే పోయారు. ఆయనకు మిగిలిన ఈ ఒక్క పేరూ లాక్కుంటారా?

టోలిచౌకి టీచర్:
లాక్కోవడం కాదండీ. బెజవాడలో ఆయన గీసింది ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా. తెలుపు గాంధీజీ కలిపించారు. అప్పట్లో రంగులకు మతాల అర్థం ఉండేది. 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టింది, వరస మార్చింది, రంగులకు మతంతో సంబంధం లేదని తీర్మానించింది. పిల్లలకు ముందు చెప్పాల్సింది ఈ మార్పే అని నా గట్టి నమ్మకం. కానీ పాఠంలో ఒక పేరు, ఒక పుట్టినరోజు తప్ప ఏమీ ఉండదు!

ఇక 1947లో చరఖా స్థానంలో అశోక చక్రం వచ్చింది. చరఖా అయితే జెండా రెండు వైపులా ఒకేలా కనిపించదని నెహ్రూ రాజ్యాంగ సభలో వివరించారు. చక్రంతో మొదటి నమూనా తమ తల్లిదండ్రులు బద్రుద్దీన్, సురయ్యా సిద్ధం చేశారని లైలా త్యాబ్జీ రాశారు. కుటుంబం చెప్పే మాటే అయినా, కొట్టిపారేయలేం.

బందరు బిడ్డ:
జెండాపై రాజ్యాంగ సభ చేసిన 1947 జులై 22 తీర్మానం చదవండి. చక్రం చరఖాకు ప్రతీక అని అందులోనే ఉంది. అంటే మూలం బెజవాడ జెండాయే కదా?

టోలిచౌకి టీచర్:
మూలం అదే, ఒప్పుకుంటాను. కానీ చరఖా పెట్టమన్నది జలంధర్ లాలా హన్స్‌రాజ్ అని గాంధీజీయే రాశారు. మరి ఆయన పేరు మన పాఠాల్లో ఎక్కడుందండీ?