చివరి పది నిమిషాల్లో కూలిపోయే అతీంద్రియ మిస్టరీలు

ప్రశ్న:
ఈమధ్య చూసిన ఒక చిత్రంలో, కూతురిని పోగొట్టుకున్న తల్లి పాత ఇంట్లో ఒంటరిగా దిగుతుంది. తాళం వేసి ఉన్న గదిలో గోడ అంచున మొదలై తలుపు దాకా వచ్చి ఆగిపోయిన చిన్నపిల్ల తడి పాదముద్రలు కనిపిస్తాయి. అంతసేపూ ఊపిరి బిగబట్టి చూశాక, క్లైమాక్స్‌లో ఒక డాక్టర్ వచ్చి, అదంతా ఆమె వాడుతున్న మందుల వల్ల కలిగిన భ్రమ అని తేల్చేస్తాడు. దెయ్యమే ఉండాలన్న పట్టుదల నాకు లేదు. అయినా మోసపోయినట్టు ఎందుకనిపించింది? హేతుబద్ధమైన వివరణ ఇస్తే ఈ తరహా కథ నిలబడదంటారా?

మొదటి సమాధానం:
వివరణ ఇవ్వడం తప్పు కాదండి. తెర మీద చూపినవాటన్నిటికీ అది సరిపోకపోవడమే తప్పు. ఆ పాదముద్రల్ని గదిలో ఎవరూ లేనప్పుడు కూడా కెమెరా చూపించిందా? చూపించి ఉంటే అది ఎవరి భ్రమ? పాత్ర పొరబడవచ్చు గానీ, ఏ పాత్ర చూపూ కాని షాట్ పొరబడితే అది దర్శకుడు ఆడిన అబద్ధమే. 1999లో వచ్చిన ‘ది సిక్స్త్ సెన్స్’ సినిమాలో (ముగింపు తెలియనివారు ఇక్కడ ఆగండి) పెళ్లిరోజు భోజనానికి ఆలస్యంగా వచ్చిన భర్త సంజాయిషీ చెప్పుకుంటున్నంతసేపూ భార్య అతని ముఖంలోకి చూడదు. మొదటిసారి అది అలక అనుకుంటాం, రెండోసారి చూసినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది: అతను అప్పటికే చనిపోయాడు, ఆమెకు కనిపించడు.

ప్రశ్న వేసినవారు:
తల్లి ఇంటికి చేరకముందే చూపించారండి. పైగా డాక్టర్ మాటలు అయ్యాక, ఆఖరి షాట్‌లో ఆ గది తలుపు దానంతటదే మూసుకుంటుంది.

రెండో సమాధానం:
లెక్క సరిపోయినంత మాత్రాన ముగింపు పండుతుందని నేను అనుకోను. 1794 నాటి ఆన్ రాడ్‌క్లిఫ్ నవల ‘ది మిస్టరీస్ ఆఫ్ యుడాల్ఫో’లో నల్లని తెర తొలగించి చూసిన నాయిక స్పృహ తప్పి పడిపోతుంది. ఆమె ఏం చూసిందో ఎంతోసేపు దాచిపెట్టి, అది మైనపు బొమ్మ అని రచయిత్రి చివర్లో చెబుతుంది. తర్కంలో లోపం లేదు, కానీ పెంచిన భయానికీ ఇచ్చిన జవాబుకూ పొంతన లేదు. మీరు చెప్పిన కథలో అసలు సరుకు ఆ తల్లి దుఃఖం. ఆ అడుగులు నిజం కావని తెలిసిన క్షణాన ఆమె కూతురిని రెండోసారి పోగొట్టుకుంటుంది. ఆ ఘట్టాన్ని ఆమె ముఖంలో చూపించాల్సింది పోయి, డాక్టర్ చేత ఉపన్యాసం ఇప్పించారు.

మూడో సమాధానం:
ఆ తలుపు షాట్ నాకు మరీ చిరాకు తెప్పించే అలవాటు. 1961 నాటి ‘ది ఇన్నోసెంట్స్’ సినిమాలో కనిపించేవి దెయ్యాలా, పిల్లల్ని చూసుకునే యువతి ఊహలా అన్నది చివరిదాకా తేలదు, ఎందుకంటే ఆ సందేహాన్ని మొదటినుంచీ రెండు వైపులా తూగేలా అల్లుకుంటూ వచ్చారు. అంతా భ్రమేనని డాక్టర్ చేత చెప్పించి, మరుక్షణమే తలుపు మూయించడం సందిగ్ధత కాదు, ఏ జవాబుకూ కట్టుబడే ధైర్యం లేకపోవడం.