అప్‌డేట్: 200 టోర్నీల లెక్క తేలింది

బెంగళూరులో ఉన్నప్పుడు ఆడిన చిన్న ఆన్‌లైన్ పోకర్ టోర్నీల్లో లాభం ఎలా కొలవాలి, పెద్ద ఎంట్రీకి (ఎక్కువ డబ్బు కట్టి ఆడే టోర్నీలకు) వెళ్లొచ్చా అని అడిగాను కదా. అమలాపురం వచ్చాక, నాన్న కొబ్బరి దింపు లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీల్లో మొత్తం వేశాను.

ఒక్కో టోర్నీకి ఎంట్రీ 100 రూపాయలు, దానిపై సైట్ తీసుకునే ఫీజు 10. 200 టోర్నీలకు పెట్టింది 22,000, వచ్చింది 23,650. లాభం 1,650, అంటే 7.5 శాతం. ఫీజు కలపకుండా 18 శాతం దాటిందని మురిసిపోయాను! పైగా 4,000 వచ్చిన ఒక్క మొదటి బహుమతి తీసేస్తే అంతా నష్టమే. 200 ఆటలతో ఏమీ తేలదని మీరన్నది నిజం, చాలా థాంక్స్.

పెద్ద ఎంట్రీ ఆలోచన మానేశాను. ఆంధ్రలో 2020 నుంచే ఆన్‌లైన్ పందేలు నిషేధం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించిన 2025 కేంద్ర చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. ఇప్పుడు ఉచిత చిప్స్‌తోనే (డబ్బు బదులు వాడే ఆట బిళ్లలు) ఆడుతున్నాను, ప్రతి టోర్నీ రాసుకుంటున్నాను.