కొత్తగా సర్వైవర్ ఆడేవారు ముందు నేర్చుకోవలసింది దాక్కోవడమా, కిల్లర్‌ను వెంట తిప్పుకోవడమా?

వెన్నెలనడక:

మల్టీప్లేయర్ హారర్ ఆటల్లో కొత్తగా సర్వైవర్‌గా దిగేవారికి మొదట ఏం నేర్పాలన్న దగ్గర మనలోనే మాట కలవడం లేదు. కిల్లర్ కంట పడకుండా నక్కి ఉంటూ పని చక్కబెట్టుకోమని కొందరు చెబుతారు. దొరికిపోతామన్న భయం వదిలేసి మొదటి మ్యాచ్ నుంచే కిల్లర్‌ను వెంట తిప్పుకోవడం అలవాటు చేసుకోమని మరికొందరు అంటారు. చర్చ దారి తప్పకుండా ఉండేందుకు 2016లో వచ్చి ఇప్పటికీ ఆడుతున్న డెడ్ బై డేలైట్‌నే ఆధారంగా తీసుకుందాం. ఆ ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అందులో నలుగురు సర్వైవర్లు, ఒక కిల్లర్ ఉంటారు. మ్యాప్‌లో ఉన్న ఏడు జనరేటర్లలో ఐదింటిని బాగు చేస్తే రెండు గేట్లకు కరెంటు వస్తుంది, అప్పుడు గేటు తెరిచి బయటపడాలి. కిల్లర్ రెండు దెబ్బలు కొడితే సర్వైవర్ కింద పడతాడు. పడినవారిని హుక్‌కు తగిలిస్తారు. ఒకే వ్యక్తిని మూడోసారి తగిలిస్తే ఆ వ్యక్తికి ఆట ముగిసినట్టే.

నేను దాక్కోవడం వైపే మొగ్గుతున్నాను. మొదటి నిమిషంలోనే దొరికిపోయి హుక్ మీద వేలాడుతున్న వ్యక్తికి మ్యాప్ ఎలా ఉందో, జనరేటర్లు ఎక్కడున్నాయో చూసే అవకాశమే దక్కదు. కాదనేవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

పొగమంచు:

వెన్నెలనడక గారి ఆందోళన న్యాయమైనదే, అయినా నేను ఒప్పుకోలేను. దాక్కోవడంతో మొదలుపెట్టినవారిలో చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే దాక్కున్నంతసేపూ ప్రాణం నిలుస్తుంది కాబట్టి బాగా ఆడుతున్నామనే నమ్మకం కలుగుతుంది, తీరా దొరికిపోయిన క్షణంలో కాళ్లూ చేతులూ ఆడవు. ఎంతసేపు దాక్కున్నా కిల్లర్ ఎదురుగా నిలబడినప్పుడు ఏం చేయాలో అది నేర్పదు.

సర్వైవర్ పక్షానికి సమయమే పెట్టుబడి. ఒక జనరేటర్‌ను ఒక్కరే బాగు చేస్తే 90 సెకన్లు పడుతుంది. కిల్లర్ మీ వెంట ఒక నిమిషం తిరిగాడనుకోండి, మిగిలిన ముగ్గురు వేర్వేరు జనరేటర్ల మీద ఉంటే ఆ నిమిషంలో మొత్తం 180 సెకన్ల పని జరుగుతుంది, అంటే రెండు జనరేటర్లకు సరిపడా పని. మీరు చివరికి కింద పడినా సరే, ఆ నిమిషం మీ జట్టుకు దక్కిన లాభం. అదే నిమిషం మీరు గోడ వెనుక కూర్చొని ఉంటే మీ వంతు పని సున్నా, పైగా కిల్లర్ వెళ్లి మరొకరిని పట్టుకుంటాడు.

ఇక పరుగు సంగతి. సర్వైవర్ సెకనుకు 4 మీటర్ల వేగంతో పరుగెత్తితే చాలామంది కిల్లర్లు 4.6 మీటర్ల వేగంతో వస్తారు. తిన్నగా పరుగెత్తేవారికి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున దూరం తరిగిపోతుంది కాబట్టి 12 మీటర్ల ముందున్నా 20 సెకన్లలో చేతికి చిక్కినట్టే. అందుకే మైదానంలో తిన్నగా పారిపోవడం కాదు, అడ్డు ఉన్న చోటికి చేరడం నేర్చుకోవాలి. ఒక ప్యాలెట్ (కిల్లర్ దారికి అడ్డంగా పడేయగల చెక్క పలక), దాని పక్కన గోడ ఉన్న చోటును ఊహించుకోండి. కిల్లర్‌కు కనబడేది అతని కళ్ల ముందున్నది మాత్రమే, సర్వైవర్‌కు మాత్రం కెమెరా వీపు వెనుక, తల కంటే ఎత్తున ఉంటుంది. మీరు గోడ చుట్టూ తిరుగుతూనే కెమెరాను వెనక్కి తిప్పితే కిల్లర్ ఏ మూల నుంచి వస్తున్నాడో మీకు తెలుస్తుంది, మీరు ఎటు తిరిగారో అతనికి గోడ మలుపు తిరిగేదాకా తెలియదు. అతను ఎడమకు వస్తే మీరు కుడికి తిరగండి, ప్యాలెట్‌ను చూడగానే పడేయకండి, అతను చెయ్యెత్తి కొట్టే దూరానికి వచ్చాకే పడేయండి. సరిగ్గా అతని మీద పడితే కొద్దిసేపు కదలలేడు. పడకపోయినా దాన్ని పగలగొట్టడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది, ఆ రెండు సెకన్లలో మీరు తర్వాతి అడ్డు వైపు బయలుదేరి ఉండాలి. కొత్తవారు ఎక్కువగా పొరపడేది సరిగ్గా ఇక్కడే: ప్యాలెట్ పడిందన్న ధైర్యంతో దాని అవతల నిలబడి చూస్తూ ఉండిపోతారు.

కిటికీ కూడా ఇలాంటి సాధనమే. పరుగు మీద ఎదురుగా వచ్చి దూకితే అర సెకనులో అవతల పడతారు, పక్కవాటుగా వచ్చి దూకితే ఆలస్యమవుతుంది. కిల్లర్‌కు అదే కిటికీ దాటడానికి 1.7 సెకన్లు కావాలి. ఒకే ఛేజ్‌లో ఒకే కిటికీని మూడుసార్లు దూకితే అది కొంతసేపు మూసుకుపోతుంది కాబట్టి దాన్నే నమ్ముకొని ఉండకూడదు. ఇవన్నీ దొరికిపోతేనే నేర్చుకునే విషయాలు.

నిశ్శబ్దం:

పొగమంచు గారి లెక్కలో తప్పు లేదు, ఆ లెక్క ఎవరికి వర్తిస్తుందన్నదే నా ప్రశ్న. ఒక నిమిషం పాటు కిల్లర్‌ను తిప్పగలిగిన వ్యక్తి కొత్త ఆటగాడు కాదు. మొదటి పది, పదిహేను మ్యాచ్‌లలో కొత్తవారి ఛేజ్ పావు నిమిషం కూడా సాగదు. అలా పడిపోయినప్పుడు పని ఆగేది ఒక్కరిది కాదు: వారు హుక్ మీద ఉంటారు, వారిని దించడానికి మరొకరు జనరేటర్ వదిలి మ్యాప్ సగం దాటి వెళ్తారు, దించాక వైద్యానికి మరో 16 సెకన్లు ఇద్దరూ కూర్చుంటారు. మిగిలిన ఇద్దరిలో ఒకరి వెంట అప్పటికే కిల్లర్ పడి ఉంటాడు. పని చేస్తున్నది చివరికి ఒక్కరే.

అందుకని కొత్తవారికి ముందు జనరేటర్ నేర్పాలని నా గట్టి అభిప్రాయం. ఇద్దరు కలిసి ఒకే జనరేటర్ మీద కూర్చుంటే ఒక్కొక్కరి పని వేగం 15 శాతం తగ్గినా అది సుమారు 53 సెకన్లలో పూర్తవుతుంది. ముగ్గురైతే 43, నలుగురూ చేరితే 41 సెకన్లు పడుతుంది. మూడో మనిషి రావడం వల్ల ఆదా అయ్యేది పది సెకన్లు, నాలుగో మనిషి వల్ల దాదాపు ఏమీ లేదు. భయంతో అందరి పక్కకూ చేరి ఒకే చోట గుమిగూడే అలవాటు జట్టును ఎంత దెబ్బతీస్తుందో ఈ అంకెలే చెబుతాయి. స్కిల్ చెక్ (పని మధ్యలో శబ్దంతో వచ్చే, సరైన క్షణంలో బటన్ నొక్కాల్సిన పరీక్ష) తప్పితే జనరేటర్ పేలి దాని మొత్తం పనిలో 10 శాతం పోవడమే కాక, మీరు ఎక్కడున్నారో కిల్లర్‌కు తెలిసిపోతుంది. శబ్దం వినగానే కళ్లు తెర మధ్యకు తెచ్చుకోవడం మొదటి రోజే నేర్చుకోదగిన అలవాటు.

దాక్కోవడం అంటే అలమారాలో తలుపు వేసుకొని కూర్చోవడం అని నేను అనడం లేదు. కిల్లర్ దగ్గరవుతున్నప్పుడు సర్వైవర్‌కు వినబడే గుండె చప్పుడు మొదలైన వెంటనే, అతను ఇంకా దూరంగా ఉండగానే, పరుగెత్తకుండా నడుచుకుంటూ పక్కకు తప్పుకోవడం అని నా ఉద్దేశం. పరుగెత్తితే నేల మీదా గోడల మీదా ఎర్రటి గీతలు కొన్ని సెకన్ల పాటు మిగిలిపోతాయి, వాటిని పట్టుకొని కిల్లర్ నేరుగా వచ్చేస్తాడు. నడిస్తే ఆ గీతలు పడవు. ఇది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. పైగా కిల్లర్లందరూ ఒకలాంటివారు కారు. నర్స్ నడక సర్వైవర్ పరుగు కంటే నెమ్మది, అయితే ఆమె గోడల గుండా దూసుకొచ్చి ఎదురుగా తేలుతుంది. పొగమంచు గారు చెప్పిన గోడ, ప్యాలెట్, కిటికీ ఆమె ముందు ఎందుకూ పనికిరావు. అక్కడ కాపాడేది ఆమె చూపు నుంచి తప్పుకోవడమే.

ఎర్రదీపం:

నేను ఎక్కువగా కిల్లర్‌గా ఆడతాను, కాబట్టి అవతలి వైపు నుంచి కనబడేది చెబుతాను. జనరేటర్ దగ్గరికి వెళ్లగానే నేను మొదట చూసేది దాని పిస్టన్ల కదలికను, వినేది దాని చప్పుడును. సగానికి పైగా పని అయిన జనరేటర్ చుట్టూ ఎవరూ లేకపోతే, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లారని అర్థం. అప్పుడు దగ్గరి రాయి వెనుక, దగ్గరి చెట్టు వెనుక చూస్తాను. కొత్తవారు పది అడుగుల లోపే కూర్చొని ఉంటారు. కాకులు ఎగిరితే అక్కడ ఎవరో ఉన్నారని తెలుస్తుంది. గాయపడినవారైతే మూలుగు వినబడుతుంది, వారికి దాక్కునే చోటంటూ దాదాపు ఉండదు. నిశ్శబ్దం గారు చెప్పిన పద్ధతి పనిచేయాలంటే తప్పుకునే దూరం చాలా ఎక్కువ ఉండాలి, ఆ సంగతి కొత్తవారికి ఎవరూ చెప్పరు.

గుండె చప్పుడు మీద కూడా అంత నమ్మకం పెట్టుకోవద్దు. చాలామంది కిల్లర్ల విషయంలో అది 32 మీటర్ల దూరం నుంచే వినబడుతుంది, కానీ రేత్ మాయమై తిరుగుతున్నప్పుడు అసలు వినబడదు, ఘోస్ట్ ఫేస్ చాటుగా వస్తున్నప్పుడూ అంతే. జనరేటర్ మీద కూర్చున్నా కెమెరాను చుట్టూ తిప్పుతూ ఉండేవారిని పట్టుకోవడం నాకు కష్టం. తెర మీద స్కిల్ చెక్ కోసం మాత్రమే ఎదురుచూసేవారిని పట్టుకోవడం తేలిక.

నన్ను ఓడించేవారు అందరికంటే ఎక్కువసేపు పరుగెత్తేవారు కారు, నేను కనబడగానే నిర్ణయం తీసుకునేవారు. నేను 30 మీటర్ల దూరంలో ఉండగానే బలమైన అడ్డు వైపు కదిలేవారి వెంట పడాలంటే నేనే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. ఆ కదలిక దాక్కోవడమూ కాదు, పరుగెత్తడమూ కాదు. ఏ జనరేటర్ మీద కూర్చున్నా, కూర్చునే ముందే ఇక్కడికి దగ్గరలో ప్యాలెట్ ఎక్కడుంది, కిటికీ ఎక్కడుంది అని చూసి పెట్టుకోవడం వల్ల వచ్చేది. కొత్తవారికి నేను చెప్పేది ఈ ఒక్కటే.

చివరిమెట్టు:

మీ ముగ్గురి మాటల్లోనూ హుక్ సంగతి దాదాపు రాలేదు. కొత్తవారున్న మ్యాచ్‌లు ఎక్కువగా పాడయ్యేది అక్కడే అని నేను గమనించాను. ఒకరు హుక్ మీద పడగానే ముగ్గురూ జనరేటర్లు వదిలి పరుగెత్తుకొస్తారు, లేదా ఎవరో ఒకరు వెళ్తారులే అనుకొని ఎవరూ రారు. హుక్ మీద మొదటి దశ 70 సెకన్లు ఉంటుంది. అది దాటితే రెండో దశలోకి జారి, ఒక హుక్ ఊరికే పోయినట్టవుతుంది. అంటే తొందరపడి కిల్లర్ కళ్ల ముందే దించనక్కర్లేదు, అలాగని 65వ సెకనుదాకా ఆగడమూ మంచిది కాదు. చేతిలోని జనరేటర్ పూర్తి కావడానికి పదిహేను సెకన్లు మిగిలి ఉంటే పూర్తి చేసి వెళ్లడమే మేలు. హుక్ నుంచి దిగిన మనిషికి పది సెకన్ల పాటు కొంత రక్షణ, కొంత అదనపు వేగం దొరుకుతాయి, ఆ పది సెకన్లను అక్కడి నుంచి దూరంగా పోవడానికే వాడాలి. హుక్ కిందే కూర్చొని వైద్యం మొదలుపెట్టడం కొత్తవారిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే అలవాటు, ఎందుకంటే తిరిగి వచ్చిన కిల్లర్‌కు ఇద్దరూ ఒకేసారి దొరుకుతారు.

తెలియనివారితో కలిసి ఆడేవారు కిండ్రెడ్ అనే పెర్క్ (మ్యాచ్‌కు ముందే ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యం) పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. ఎవరైనా హుక్ మీద ఉన్నంతసేపూ మిగిలినవారు ఎక్కడున్నారో దాని వల్ల కనబడుతుంది, ఎవరు వెళ్లాలన్న సందేహం ఉండదు.

పొగమంచు:

నర్స్ విషయంలో నిశ్శబ్దం గారితో ఏకీభవిస్తున్నాను. నేను చెప్పినదంతా ఆమెకు వర్తించదు. కానీ మొదటి పదిహేను మ్యాచ్‌లలో ఛేజ్ పావు నిమిషమే సాగుతుంది కాబట్టి దాన్ని వాయిదా వేయాలన్న వాదన నాకు సరిగా తోచడం లేదు. వాయిదా వేసిన కొద్దీ ఆ పావు నిమిషం అలాగే ఉండిపోతుంది, ఈలోగా స్థాయి పెరిగి ఎదురుగా వచ్చే కిల్లర్లు మాత్రం బలపడతారు. కొత్తవారి మ్యాచ్‌లలో కిల్లర్ కూడా కొత్తవాడే అయి ఉండే అవకాశం ఎక్కువ. నేర్చుకోవడానికి అంతకంటే అనువైన సమయం తర్వాత దొరకదు. ఎర్రదీపం గారు చెప్పిన, కూర్చునే ముందే అడ్డు చూసి పెట్టుకునే అలవాటును మాత్రం నా సలహాలో మొదటి మెట్టుగా చేర్చుకుంటాను. విండోస్ ఆఫ్ ఆపర్చునిటీ పెర్క్ ఉంటే దగ్గరలోని ప్యాలెట్లు, కిటికీలు వెలుగుతూ కనబడతాయి కాబట్టి మ్యాప్‌లు తెలియని రోజుల్లో అది పెద్ద ఆసరా.

వెన్నెలనడక:

అందరికీ ధన్యవాదాలు. నా అభిప్రాయం కొంత కదిలింది, పూర్తిగా మారలేదు. ది టెక్సాస్ చైన్‌సా మాసకర్ ఆటలో నలుగురిని ముగ్గురు వెతుకుతారు, చప్పుడు చేస్తే చిక్కులు మొదలవుతాయి, ఆ హంతక కుటుంబంలోని తాత వెతికేటప్పుడు కదలకుండా ఉండేవారే కనబడకుండా మిగులుతారు. అక్కడ నిశ్శబ్దమే మొదటి పాఠం అనడంలో నాకు సందేహం లేదు. అంటే ఈ ప్రశ్నకు జవాబు ఆటను బట్టి మారుతుందని ఒప్పుకోవాలి. ఇంకొక్క సందేహం మిగిలింది: ఏ జనరేటర్ ముందు చేయాలి?

నిశ్శబ్దం:

ఇది ఎవరూ అడగరు, అడగాల్సిన ప్రశ్న. కొత్తవారు కనబడిన జనరేటర్ మీద కూర్చుంటారు, అలా నాలుగు అయిపోయేసరికి మిగిలిన మూడూ పక్కపక్కనే ఉంటాయి. అప్పుడు కిల్లర్ ఆ మూడింటి మధ్యే తిరుగుతూ ఎవరినీ పని చేయనివ్వడు, ఐదోది ఎంతకీ తెమలదు. దగ్గరదగ్గరగా ఉన్న మూడింటిని చూస్తే వాటిలో మధ్యదాన్ని మొదట్లోనే, కిల్లర్ ఎక్కడో ఇంకొకరి వెంట తిరుగుతున్నప్పుడే పూర్తి చేయండి.

ఎర్రదీపం:

దానికి గేటు సంగతి కూడా చేర్చండి. చివరి జనరేటర్ అయ్యాక గేటు తెరవడానికి ఒకరికి 20 సెకన్లు పడుతుంది, తెరుచుకున్న మరుక్షణం నుంచి రెండు నిమిషాల గడువు మొదలవుతుంది, ఆ లోగా బయటికి వెళ్లని వారందరూ చనిపోతారు. మీ జట్టులో ఒకరు ఇంకా హుక్ మీద ఉంటే గేటును చివరిదాకా తెరవకుండా, కాస్త మిగిల్చి వదిలేసి వెళ్లి వారిని దించండి. ఎవరూ హుక్ మీద లేకపోతే పూర్తిగా తెరిచి, వెనక్కి చూడకుండా బయటపడండి. గేటు దగ్గర నిలబడి కిల్లర్ వస్తాడేమోనని చూసేవారిని ఆ చివరి నిమిషంలో కింద పడేయడం నాకు చాలాసార్లు సాధ్యమైంది.