400 మీటర్లకి మైకేల్ జాన్సన్ నిలువు పరుగు నేర్పొచ్చా?

పర్లాకిమిడి పీఈటీ:
ఇంటర్ కుర్రాడొకడు 200 మీటర్లు 24.0 సెకన్లలో పరిగెడతాడు. 400కి వచ్చేసరికి 56. మొదటి 200ని 24.5లో దాటేస్తాడు, ఆఖరి వందలో కాళ్లు బిగిసిపోతాయి. ఐదు ఒలింపిక్ బంగారాల జాన్సన్ వీడియోలు చూసి ఇప్పుడు ఛాతీ విరుచుకుని పొట్టి అడుగులు వేస్తున్నాడు. సాగనివ్వాలా? మాకున్నది సున్నం గీతల 200 మీటర్ల మట్టి ట్రాకే.

రాయగడ రన్నర్:
మాన్పించండి మాస్టారూ. జాన్సన్ కూడా స్టార్టింగ్ బ్లాకుల్లోంచి అందరిలాగే వంగి లేచేవాడు, వేగం అందుకున్నాకే నిలువయ్యేవాడు. అది ఆయన ఒంటి తీరు. బేలర్ యూనివర్సిటీలో ఆయన కోచ్ క్లైడ్ హార్ట్ దాన్ని మార్చబోలేదు, అంతే. కుర్రాళ్లు అనుకరిస్తే వెనక్కి వాలిపోతారు. పాదం నడుముకి బాగా ముందు పడి ప్రతి అడుగూ బ్రేకవుతుంది. పక్కనుంచి ఫోన్‌లో తీసి చూడండి, తెలిసిపోతుంది.

నేర్పాల్సింది ఆయన లెక్క. 1999 సెవిల్లెలో 43.18 కొట్టినప్పుడు మొదటి 200 21.22, రెండోది 21.96. తేడా 0.74. మీవాడికి 24.5, 31.5: ఏడు సెకన్లు! జాన్సన్ 200 బెస్టు 19.32, అంటే మొదటి సగంలో దాదాపు రెండు సెకన్లు దాచుకున్నాడు. మీవాడు దాచింది అర సెకనే. ప్రతి 50 మీటర్లకీ జెండా పాతి మొదటిది 7.0లో, తర్వాతవి 6.1 చొప్పున దాటించండి. 200 దగ్గర 25.3 అవుతుంది.

సిరొంచ గ్రౌండ్:
సార్, హార్ట్ పద్ధతిల 200లు మళ్లమళ్ల ఉరికిస్తరు, నడుమ విరామం తక్కువ. సీజన్ మొదట్ల ఎక్కువసార్లు నిమ్మళంగ, పోటీలు దగ్గరవడ్డకొద్దీ తక్కువసార్లు జోరుగ. మీ పోరనికి ఆరుసార్లు, 31 సెకన్ల తోని షురు చెయ్యుండ్రి, నడుమ రెండు నిమిషాలు. ఆరోది గూడ 31 రావాలె. మొదటిది 28 కొట్టి ఆఖరుది 35కు వస్తే ఆ దినం పని పాడైనట్టే. ఆరూ సమంగ వచ్చినంకనే ఐదుసార్లు 29కి పోవాలె. వారానికి ఒక్కసారి చాలు. ఇంకోటి, చిన్న ట్రాకుల వంపు బిగువు, జోరు తగ్గుతది. గందుకే 200 బెస్టు గూడ గా ట్రాకు మీదనే తియ్యుండ్రి.

జయపురం స్టాప్‌వాచ్:
చేతి వాచీ టైములైతే 200కి 0.24, 400కి 0.14 కలుపుకోండి, లేకపోతే జాన్సన్ ఎలక్ట్రానిక్ టైములతో పోల్చడం కుదరదు. బంగారాలు ఐదు కాదండీ, నాలుగు. 2000 సిడ్నీ రిలే పతకం, తోటి రన్నర్ పెటిగ్రూ డోపింగ్ ఒప్పుకోవడంతో 2008లో పోయింది. 43.18 కూడా ఇప్పుడు ప్రపంచ రికార్డు కాదు, 2016 రియోలో వాన్ నీకెర్క్ 43.03 కొట్టాడు.

పర్లాకిమిడి పీఈటీ:
జెండాలు రేపే పాతిస్తాను. ఆరు 200లూ స్పైకుల (మేకుల) బూట్లతోనా, మామూలు బూట్లతోనా?

సిరొంచ గ్రౌండ్:
మామూలు బూట్లే సార్. 27కు దిగినంక స్పైకులు.