మరచి అనాలా, మరచుచు అనాలా?

చదువరి: బైబిల్లో ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక, 3:13. "వెనుక ఉన్నవి మరచుచు, ముందున్న వాటికొరకై వేగిరపడుచు" అని మా నాన్నగారు చదివేవారు. నా చెవిలో అలాగే నిలిచిపోయింది. నిన్న ఆయన బైబిలు తెరిస్తే అచ్చులో "మరచి" అని ఉంది. "చి" నెత్తిన పెన్సిలుతో సన్నగా "చుచు" అని దిద్దారు. ఏదైనా పాత ప్రతిలో ఆ పాఠం ఉందా? ఆయన చివరి రోజుల్లో నేను దగ్గర లేను. ఆ అక్షరం వదలడం లేదు.

ద్రుతం: నేను చూసిన ప్రతుల్లో "మరచి"యే. కానీ నాన్నగారి దిద్దుబాటు ఊరికే చేసింది కాదు. గ్రీకులో ఎపిలన్థనొమెనొస్, ఎపెక్తెయినొమెనొస్, రెండూ వర్తమాన రూపాలే, రెండింటి తోకా ఒకటే. తెలుగులో మాత్రం మొదటిది క్త్వార్థకం ("చేసి" లాంటి రూపం), రెండోది శత్రర్థకం ("చేయుచు" లాంటి రూపం) అయ్యాయి. "మరచి" అంటే పని అయిపోయింది. "మరచుచు" అంటే రోజూ మరవాలి. పశ్చాత్తాపం తెలిసినవాళ్ళకు ఏది నిజమో వేరే చెప్పాలా?

శకటరేఫం: ముందు అది "మఱచి". బండి ర, అదే శకటరేఫం "ఱ", పోయాక ఇక చర్చ దేనికి!

అరసున్న: క్త్వార్థకం అనగానే పని ముగిసిపోదు, ద్రుతం గారూ. "తల వంచుకొని నడిచాడు" అంటే నడిచినంతసేపూ తల వంగే ఉంది. "ఒళ్ళు మరచి ఆడింది" అంటే ఆటకు ముందు ఒకసారి మరచి, ఆ తర్వాత ఆడిందనా? ఇక్కడి "మరచి" ఆ "ఒళ్ళు మరచి" లాంటిదే. పరుగులోనే మరపు ఉంది.

శకటరేఫం: ఒళ్ళు మరవడం దాకా వచ్చాక పోతనను తలవకపోతే పాపం. ప్రహ్లాదుడు "పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్"... మొత్తం ఆరు చున్‌లు. ఆరూ దాటాక "మఱచెన్". గమనించండి, శకటరేఫమే. అక్కడ మరపు సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ. హరిచింతన తలకెక్కాక లోకం దానంతట అదే జారిపోయింది. ప్రయత్నించి మరవలేదు.

ద్రుతం: అదే తేడా. పౌలు వాక్యంలో సమాపక క్రియ "పరుగెత్తుచున్నాను". మరపు దానికి దాసి. మరో సంగతి, "వెనుక ఉన్నవి"కి ముందు వచ్చే "అయితే ఒకటి చేయుచున్నాను"లోని "చేయుచున్నాను" గ్రీకులో లేదు. "అయితే ఒకటి" అని మాత్రమే ఉంది.

చదువరి: మరి "వెనుక ఉన్నవి" అంటే ఏవి? నేను చేసిన తప్పులే అనుకుంటూ వచ్చాను.

అరసున్న: అందరూ అలాగే అనుకుంటారు. పై వచనాలు చదవండి. ఎనిమిదవ దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడనన్న పేరు, అన్నీ గొప్పలే. వాటినే "పెంటతో సమానముగా" ఎంచుకున్నాడు. క్రైస్తవ సంఘాన్ని హింసించిన సంగతి కూడా ఆ వరుసలోనే, తన ఆసక్తికి రుజువుగా వస్తుంది. అంటే ఒకప్పటి బిరుదే తరువాత సిగ్గయింది. పైగా దాన్ని అతను మరచిపోనే లేదు. శిష్యుడు తిమోతికి రాసినప్పుడు "పూర్వము దూషకుడను హింసకుడను" అని తనే ఒప్పుకున్నాడు. కాబట్టి మరవడమంటే జ్ఞాపకం చెరిగిపోవడం కాదు, దానికి మనమీద పెత్తనం లేకపోవడం.

ద్రుతం: "పెత్తనం" మీ సొంత వ్యాఖ్య, మూలంలో లేదు.

అరసున్న: ఉందని నేననలేదు!

శకటరేఫం: క్రీస్తు గురించి మాట్లాడుతూ జాషువాను ఒక్కరూ తలవలేదు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన కావ్యం పేరే "క్రీస్తు చరిత్ర". ఇంతసేపూ పోతనతోనే గడిపాం.

అరసున్న: పోతన దగ్గరికి తీసుకెళ్ళింది తమరే.

చదువరి: ఇప్పుడు మళ్ళీ చూశాను. "వేగిరపడుచు" కింద కూడా గీత ఉంది, పక్కన ప్రశ్నార్థకం. అంచున "చేయి చాచి?" అని ఉంది.

ద్రుతం: ఎపెక్తెయినొమెనొస్ అంటే అదే! ముందుకు చాచుకుంటూ, మెడా చేతులూ పందెం ముగింపు గీత వైపు సాగదీసిన పరుగుగాడు. "వేగిరపడుచు"లో తొందర ఉంది గాని ఆ చాపు లేదు. మీ నాన్నగారికి గ్రీకు వచ్చా?

చదువరి: తెలియదండీ. ఎప్పుడూ అడగలేదు.

శకటరేఫం: అయినా "చాచి" అని మళ్ళీ క్త్వార్థకమే రాశారు. "చాచుచు" అని ఎందుకు దిద్దలేదో!