అప్‌డేట్: అనంతగిరి కాఫీ తోటల్లో నడిచొచ్చాం

అరకు దగ్గరి అనంతగిరి కాఫీ తోటల్లో నేనూ మా ఆవిడా ఒక్కరోజులో నడిచి రాగలమా, గైడ్ కావాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. డిసెంబర్‌లో వెళ్లొచ్చాం. గైడ్ ఉండాలన్నవాళ్లదే కరెక్ట్. తోటల్లో ఫోన్ మ్యాప్‌లో కనిపించని కాలిదారులే ఎక్కువ, అందుకే అక్కడి గిరిజన రైతు ఒకాయన్ని వెంట తీసుకెళ్లాం.

సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ పళ్లు ఎర్రబడి కోత నడుస్తోంది. ఆయన్ని అడిగి ఒకటి నోట్లో వేసుకుంటే గుజ్జు తియ్యగా ఉంది, కాఫీ రుచి మాత్రం రవ్వంత కూడా లేదు! 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే) గుర్తింపు వచ్చిన అరకు అరబికా రకం కాఫీ ఇదే.

మా ఆవిడకు ఎక్కడం కన్నా దిగడమే కష్టమైంది. మంచుకు తడిసిన ఆకులు బాగా జారతాయి, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి. స్వెటర్ కూడా తప్పనిసరి.