సమస్య: "మాటలేని పాట మాటలాడె" (ఆటవెలది)

నెల రోజులుగా నాకు మాండలిన్ శ్రీనివాస్ తప్ప ఇంకేమీ వినబుద్ధి కావడం లేదు, పొద్దున వంటింట్లో, సాయంత్రం బస్సులో, రాత్రి పడుకునే ముందు కూడా ఆయనే. అందుకే ఈ వారం సమస్య, అంటే పద్యానికి చివరి పాదం, ఇది. మీరు ఈమధ్య వదలకుండా వింటున్న వాళ్ళ మీద పై మూడు పాదాలూ రాసి పూరించండి. నాది ముందు పెడుతున్నాను.

పాలకొల్లు బిడ్డ పంచతంత్రుల మీటి
రాత్రి గదిని నింపె రాగధార
పెదవి విప్పలేదు, వేళ్ళతో పలికించ
మాటలేని పాట మాటలాడె

మామూలు మాండలిన్ మీద స్వరం ఇట్టే ఆరిపోతుంది, స్వరాన్ని ఊపుతూ సాగదీసే గమకం సాగదు. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నది అందుకే. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారన్నది ఇప్పటికీ మింగుడుపడదు.

విజయనగరం అక్క:
మా తాతగారి దగ్గర వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత గ్రామఫోను ప్లేటు ఒకటి ఉండేది. మా ఊరి సంగీత కళాశాలకు హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ప్రిన్సిపాల్ ఆయనే.

విజయనగరమందు వినిపించె నాయుడు
వారి వాయులీన వాదనమ్ము
తాతగారి ప్లేటు తళుకుతో తిరుగంగ
మాటలేని పాట మాటలాడె

గోదారి గట్టు:
అక్కా, మూడో పాదం చదవగానే మా ఇంటి గ్రామఫోను గుర్తొచ్చింది. ఒక్క మాట, "తళుకుతో" గణం నింపడానికి వచ్చినట్టుంది, పాత ప్లేటు తళుక్కుమనదు కదా. "తడబడి తిరుగంగ" అంటే నలం (నాలుగు లఘువుల గణం), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కూడా చెల్లుతుంది, ఆ గరగర కూడా వినిపిస్తుంది.

విజయనగరం అక్క:
అవును తమ్ముడూ, మార్చేస్తున్నాను. నిజంగానే తడబడేది.

కొత్తగా చేరాను:
నేను ఈమని శంకరశాస్త్రి గారి వీణ వింటున్నాను. మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను, తప్పులుంటే చెప్పండి: "వీణ మీటినపుడు ఏమని చెప్పను"

సమస్య ఇచ్చినవారు:
గణాలు సరిగ్గా పడ్డాయండీ, తొలి ప్రయత్నానికి అది చాలా గొప్ప. కానీ "వీ"కి "ఏ"తో యతి కుదరదు, అచ్చులకు మైత్రి ఉన్నా హల్లు కలవలేదు. పైగా "మీటినపుడు ఏమని" దగ్గర సంధి చేయాలి, చేస్తే గణం చెడుతుంది. "వీణ మీటినపుడు విన్నవాడెఱుగును" అని చూడండి. మిగతా రెండు పాదాలూ మీరే రాయాలి, ఆయన తీగ లాగి ఒకే మెట్టు మీద నాలుగైదు స్వరాలు పలికిస్తారే, అది పట్టుకోండి.

గోదారి గట్టు:
అందరూ వాద్యాలే తీసుకున్నారు, నేను తిల్లానా తీసుకున్నాను. బాలమురళి గారి కదనకుతూహలం రాగంలోని తిల్లానా రోజుకు పదిసార్లు వింటున్నాను.

బాలమురళి గొంతు పరవళ్ళు తొక్కంగ
తోంత ధీంత తకిట తోడు నిలిచె
అర్థమేల? శ్రుతియె యానంద మిచ్చుగా!
మాటలేని పాట మాటలాడె

విజయనగరం అక్క:
తిల్లానాలో జతులు, అంటే ధీంత తకిట లాంటి పలుకులు, ఉంటాయి కదా, చివర సాహిత్యం కూడా వస్తుంది, అది మాటలేని పాట ఎలా అవుతుంది?

గోదారి గట్టు:
సాహిత్యం వచ్చేది చివర్లోనే అక్కా. అంతకుముందంతా ధీంతలే, వాటికి నిఘంటువులో అర్థం దొరకదు, అయినా ఆ ఉరుకు వింటే ఒళ్ళు పులకరిస్తుంది. నేను పట్టుకున్నది ఆ భాగాన్నే.

సమస్య ఇచ్చినవారు:
నేను ఒప్పుకుంటాను. బా–ప యతి కూడా బాగా కుదిరింది. "మిచ్చుగా" మాత్రం వదులుగా ఉంది, ఆదివారం లోపు ఇంకో మాట వెతకండి.